ఆరిందా?

సురేఖ ఒక కాలు గుమ్మం బయట, ఒక కాలు లోపల పెట్టి నిలబడింది. గ్యాలరీ చివర శాంతాబాయి గదిలో అప్పుడే టీవీ పెట్టేశారు. ఆదివారం సాయంత్రం సినిమా. గది నిండిందంటే శాంతాబాయి తలుపు వేసేస్తుంది. ఆ తర్వాత ఎంత బతిమాలినా తీయదు.

కానీ పళ్లేలు తుడిచే గుడ్డ ఇంకా ఆరలేదు.

బొంబాయి కామాఠీపురాలో, వరసగా ఒంటిగదులుండే ఆ చాల్‌లో వానాకాలం గుడ్డలు ఆరడమంటే మాటలా? గ్యాలరీలో వేస్తే ఆరకపోగా ఇంకా తడుస్తాయి. అందుకే గదిలో, స్టవ్‌కు దూరంగా కట్టిన తాడు మీద పరచాలి. ఒకవైపు ఆరాక రెండోవైపు తిప్పాలి. పూర్తిగా ఆరాకే మడిచి రేకు డబ్బాలో పెట్టాలి. బయట వదిలేస్తే ఎలుకలు కొరికేస్తాయి. ఆదివారం ఈ పని సురేఖది.

గుడ్డను పట్టి చూసింది. అంచులు ఆరాయి. నడుమ ఇంకా చల్లగా, తడితడిగా ఉంది.

టీవీలోంచి పాట వినిపించింది. అంతే, గుడ్డను గబగబా మడిచి డబ్బా అడుగుకు కుక్కింది. మూత బిగించింది.

"ఆరిందా?" గది మూల, నీళ్లు వాడుకునే మోరీ దగ్గర గిన్నెలు కడుగుతూ అమ్మ అడిగింది.

సురేఖ చూపు స్టవ్ మీద పడింది. దాన్ని అమ్మ ఇందాకే ఆర్పేసింది. వత్తుల దగ్గర పొగ కూడా లేదు.

"ఆరింది," అంది సురేఖ. ఒక్క పరుగున వెళ్లి సినిమా ముందు కూర్చుంది.

కూర్చుందే కానీ కథ సగమే బుర్రకెక్కింది. మిగతా సగం సేపు తనలో తనే వాదించుకుంది. నేను అబద్ధమేం చెప్పలేదు, స్టవ్ ఆరింది కదా! అదే బడిలో మాట్లాడే మరాఠీలో అయితే ఇలా తప్పించుకోవడం కుదరదు. స్టవ్ ఆరడం 'విఝణే', గుడ్డ ఆరడం 'సుకణే'. తెలుగులో రెండూ ఆరడమే. తెలుగు ఎంత మంచిదో అనుకుంది మన సురేఖ. పొద్దున లేచి గుడ్డ తీసి ఆరేద్దామనీ అనుకుంది. పొద్దున బడి తొందరలో మరిచేపోయింది.

సురేఖ వాళ్లమ్మ రత్నాబాయి కూలీలకు జొన్నరొట్టెలు చేసి పంపుతుంది. వాళ్లంతా పాలమూరు నుంచి బొంబాయి వచ్చి, బిల్డింగు పనులు చేసుకునేవాళ్లు. చాల్‌లో అందరూ ఆ గదిని రత్నాబాయి ఖానావళ్, అంటే పూటకూళ్ల ఇల్లు, అంటారు. ఆ రొట్టెల మీదే ఇల్లు నడుస్తోంది.

పళ్లేలు కడగడానికి, రొట్టెలు మూటగట్టడానికి సాయమ్మ వస్తుంది. ఆమెదీ పాలమూరే. రెండు పూటలా ఇక్కడే తింటుంది. వానాకాలంలో ఆమెకు వేరే ఎక్కడా పని దొరకదు. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే సురేఖను ముందు కూర్చోబెట్టుకుని జడ వేస్తుంది. సురేఖ ఆమెను చిన్నమ్మా అని పిలుస్తుంది.

వారం మధ్యలో ఒక సాయంత్రం ఆ కూలీల మేస్త్రీ చంద్రయ్య వచ్చాడు. ఎప్పుడూ రాగానే నవ్వే మనిషి, ఆ రోజు నవ్వలేదు. పొద్దున పంపిన రొట్టెల మూటను అలాగే తిరిగి తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"రొట్టెలు ముక్కిన వాసనొస్తున్నయ్ చెల్లె. ఎవ్వలు తినలే. రేపు గూడ గిట్లనే ఉంటె పోరగాళ్లు ఇంకో ఖానావళ్ చూసుకుంటమంటున్నరు."

ఆయన వెళ్లిపోయాక రత్నాబాయి జొన్నపిండి వాసన చూసింది. నీళ్ల బిందె చూసింది. ఎలుక చచ్చిందేమోనని గట్టు కింద వంగి వెతికింది. సురేఖ మరాఠీ పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంది. చదివిన లైనే మళ్లీ మళ్లీ చదువుతోంది. వాసన ఎక్కడిదో ఆమెకు ఎప్పుడో తెలిసిపోయింది.

అమ్మ రేకు డబ్బా మూత తీసింది. గుప్పుమంది. పైన రొట్టెలు చుట్టే గుడ్డలు, అన్నిటికంటే అడుగున, ఎవరూ తీయక అలాగే ఉండిపోయిన పళ్లేలు తుడిచే గుడ్డ. దాని మీద నల్లనల్లటి మచ్చలు లేచాయి, ఆ వాసనే పై గుడ్డలకూ పట్టింది.

అమ్మ సాయమ్మ వైపు తిరిగింది. తడిగుడ్డను డబ్బాలో ఎవరైనా పెడతారా అని నిలదీసింది. తనకెరుక లేదని సాయమ్మ ఒక్కసారి చెప్పింది, అంతే.

"రేపట్నుంచి నువ్వు రాకు సాయమ్మా," అంది రత్నాబాయి.

సాయమ్మ మిగిలిన పళ్లేలు కడిగి బోర్లించింది. చేతులు తుడుచుకుని తలుపు దగ్గరికి నడిచింది.

చెబితే అమ్మ కొడుతుంది. చెప్పకపోతే చిన్నమ్మ రేపటి నుంచి ఎక్కడ తింటుంది? సురేఖ పుస్తకం మూసేసి లేచింది.

"అమ్మా, ఆ గుడ్డ నేనే పెట్టిన. ఆదివారం."

రత్నాబాయి ఆశ్చర్యంగా చూసింది. తను అడగడం, సురేఖ ఆరిందనడం ఆమెకు గుర్తొచ్చింది. కోపం తగ్గిపోయింది.

"నేను స్టవ్ సంగతి అడిగిననుకున్నవా బిడ్డా? దినమంత మరాఠీల మాట్లాడితివాయె." మళ్లీ సాయమ్మను చూసి, "పోరికి తెల్వదు. పెద్దదానివి, నువ్వన్న డబ్బ తీసి చూడొద్దా?" అంది.

సురేఖ ఆదివారం నుంచి దాచుకున్న సాకును అమ్మే నోటికి అందించింది. ఊ అని తల ఊపితే చాలు, దెబ్బలు తప్పుతాయి. సాయమ్మ మాత్రం వెళ్లిపోతుంది. ఆమె గుమ్మం దగ్గర కొంగు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడి ఉంది.

"కాదమ్మా," అంది సురేఖ. "నువ్వు గుడ్డ సంగతే అడిగినవని నాకు ఎరుకే. సినిమాకు పోవాల్నని ఆరింది అన్న."

చెంప పగులుతుందనుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. ఏమీ తగల్లేదు. కళ్లు తెరిచి చూస్తే అమ్మ తనను చూడటం లేదు. సాయమ్మను చూస్తోంది.

తప్పయిందని పైకి చెప్పడం రత్నాబాయికి అలవాటు లేదు. పళ్లెంలో రొట్టె, పప్పు పెట్టి సాయమ్మ కూర్చునే చోట పెట్టింది.

"కూసో సాయమ్మా. తిన్నంక పోదువు. పొద్దున జల్ది రా," అంది మెల్లగా.

గుడ్డలన్నీ సోడా వేసిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా తాడు మీద తిప్పి తిప్పి ఆరబెట్టారు. డబ్బాను బూడిదతో తోమారు. ఆ పని సురేఖే చేసింది, గోళ్ల సందుల్లో బూడిద ఇరుక్కుపోయేదాకా.

మర్నాడు బడిలో టీచరు ఏం చెప్పిందో సురేఖకు తెలియదు. మనసంతా రొట్టెల మూట మీదే ఉంది. సాయంత్రం చంద్రయ్య గుమ్మంలో కనబడగానే ఎదురు పరుగెత్తింది. ఆయన చేతిలో గుడ్డ మాత్రమే ఉంది. సురేఖ దాన్ని అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కాల్చిన జొన్నరొట్టె వాసన, అంతే. రేపటికి ఇంకో నాలుగు ఎక్కువే చేయమని చెప్పి మేస్త్రీ వెళ్లిపోయాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. మళ్లీ వాన. గ్యాలరీ చివర టీవీ మొదలైంది. పిల్లలు దబదబా పరుగెత్తారు. సురేఖా, రావేమే అని ఎవరో పిలిచారు కూడా.

సురేఖ తాడు మీది గుడ్డను రెండు చేతుల మధ్య నొక్కి చూసింది. నడుమ ఇంకా చల్లగానే ఉంది.

మోరీ దగ్గర్నుంచి అమ్మ అడిగింది, "ఆరిందా?"

సురేఖ స్టవ్ వైపు చూసింది. గుడ్డ వైపు చూసింది.

"స్టవ్ ఆరింది. గుడ్డ ఆరలే," అంది.

అవతల శాంతాబాయి తలుపు వేసిన చప్పుడు వినిపించింది. సురేఖ గుడ్డను తాడు మీద రెండోవైపుకి తిప్పి వేసింది.