సోమశిల మలుపులో ఎర్ర పెదాలు

సోమశిల రోడ్డు మలుపులో ఉన్న ఖాళీ ఇంటికి మంచి పేరు లేదు. కృష్ణలో మునిగి చచ్చిన ఆడమనిషి ఒకతె పొద్దుగూకితే ఆ కిటికీలో కూర్చుని ఏడుస్తుందట... ఈ మాట ఊరంతా చాటింది ఆటో గోవిందు. పుట్టించిందీ వాడే! బస్సు దిగినవాళ్లు చీకట్లో నడవడానికి జంకితేనే కదా వాడి ఆటో నిండేది. ఏళ్ల తరబడి నడిచే వచ్చిన పూల జంగమ్మ కూడా హడలిపోయి ఆటో ఎక్కడం మొదలుపెట్టింది.

ఒకరోజు చీకటి పడ్డాక ఉత్త ఆటోతో వస్తూ గోవిందు ఆ కిటికీ వైపు చూశాడు. లోపల మసక దీపం. గాలిలో... ఎర్రటి పెదాలు! ముఖం లేదు, కళ్లు లేవు. చాటంత పెదాలు మాత్రమే.

"నా కండ్లకేమొచ్చింది..." అని గొణుక్కుంటూ బండి ఉరికించాడు.

మర్నాడు పెదాల పైన పసుపుపచ్చ జుట్టు మొలిచింది. ఆ మర్నాడు నీలంగా ఒక కన్నీటి చుక్క... తను అల్లిన అబద్ధం రోజుకింత ఒళ్లు చేస్తుంటే గోవిందుకు అన్నం సహించలేదు. ఎవరికని చెప్పుకుంటాడు పాపం!

ఆ తర్వాతి రాత్రి సరిగ్గా మలుపులోనే ఆటో ఆగిపోయింది. కిటికీలో నల్లటి కళ్లు తెరుచుకుని... సూటిగా వాడినే చూస్తున్నాయి.

"వామ్మో... దయ్యం!"

తలుపు కిర్రుమంది. చేతుల నిండా రంగుతో ఒక పిల్ల బయటికొచ్చింది. కొల్లాపూర్ టైలర్ ఇలియాస్ కూతురు సఫియా. పట్నంలో బొమ్మల చదువు చదివి వచ్చింది.

"గోవిందన్నా, జర ఆగు! అవి పల్చటి బట్టమీద అచ్చు బొమ్మలు, ఆరనీకి కిటికీల యాలాడదీసిన. బొమ్మల కథల పుస్తకాల తీరు పెద్దగ చేస్తున్న. రోజుకొక్క రంగే అద్దుత. అది ఆరినంకనే ఇంకోటి. నల్లగీతలు ఆఖరుకి."

"ఈ ఇల్లే దొరికిందా అమ్మా?"

"దయ్యముందని అగ్గువ కిరాయికిచ్చిండ్రు."

గోవిందు గుండె కుదుటపడింది, ఆ వెంటనే మళ్లీ జారింది. దయ్యం లేదని తెలిస్తే ఆటో ఎవరెక్కుతారు?

"నీ కాల్మొక్త బిడ్డా... ఎవరికీ చెప్పకు," అన్నాడు గుసగుసగా.

"ఒక్క మాట గూడ చెప్ప," అంది సఫియా, వాడి ముఖాన్నే తేరిపార చూస్తూ.

మాట తప్పలేదు పిల్ల. కానీ తర్వాతి వారం ఆ కిటికీలో కొత్త బొమ్మ వేలాడింది. గుడ్లు తేలేసిన గోవిందు... బుగ్గల నిండా గులాబీ చుక్కలు... నోటి పక్కన తెల్లటి బుడగలో "వామ్మో!"

ఆ సాయంత్రం బస్సు దిగిన జంగమ్మ పూలగంప నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టింది.

"చీకటైతుంది అవ్వా, ఎక్కు," అన్నాడు గోవిందు.

"ఎందుకు బిడ్డా? గా దయ్యం మొఖం పొద్దుగాల చూసిన. రోజూ చూసే మొఖమే గద... దానికి భయమేంది?"