గుర్రప్పందాల గడియారం

పొద్దున ఐదున్నరకి నాగేంద్రమ్మ ఇద్దరు మగాళ్లకీ చద్దన్నంలో మజ్జిగ పోసి, చెరో ఉల్లిపాయ పక్కన పెట్టింది. కోడలు దుర్గ ఏడో నెల పొట్టతో గుమ్మంలో కూర్చుని, మామగారి కోతగెడకి వల బిగిస్తోంది. మామగారు చిన్నయ్యకి అరవై దాటాయి. ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల్లో నలభై ఏళ్లుగా మామిడికాయ కోస్తున్నాడు. కొడుకు పెద్దిరాజు ఆయన దగ్గరే చెట్టెక్కడం నేర్చాడు. ప్రతి వేసవీ ఇద్దరూ ఒకే ముఠాలో, ఒకే చెట్టు మీద పనిచేసేవారు. ఆ రోజు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. తోటలో ఆ రోజు వాళ్లిద్దరి వంతు.

తోట లక్ష్మీనరసింహారావుది. ఆయనకి మామిడికాయల కన్నా చేతిగడియారాలంటే ప్రాణం. జెనీవాలో ఒకే కంపెనీ చేసినవి తొమ్మిది ఉన్నాయి, టేకు పెట్టెలో మఖమల్ గుడ్డ మీద పడుకోబెట్టి. ఒకదానిలో చిన్న చంద్రుడు పెరిగి తరుగుతాడు. ఒకదానికి లీపు సంవత్సరాలు కూడా తెలుసు, ఇంకో నూరేళ్ల దాకా తారీఖు దిద్దక్కర్లేదట. ఒకటి మీట లాగితే గంటా నిమిషాలూ సన్నగా మోగి చెబుతుంది. వాటిని తుడవడానికి వేరే మెత్తటి తోలుముక్క, ముట్టుకోవడానికి వేరే తొడుగులు. అదే తోటలో కూలీలు తాగే నీళ్ల కుండకి మూత లేదు. తేలిన చీమల్ని నోటితో ఊది పక్కకి తోసి తాగేవాళ్లు.

ఎనభై ఏడు వేసవికి తొమ్మిదోది వచ్చింది. దానికి సెకన్ల ముళ్లు రెండు. ఒకదాని కింద ఒకటి దాక్కుని కలిసి నడుస్తాయి. మీట నొక్కితే ఒకటి ఆగిపోతుంది, రెండోది పరుగెడుతూనే ఉంటుంది. రెండు గుర్రాలు పరుగెడితే ఏది ఎంత వెనకబడిందో చూడడానికి చేసిన వస్తువు. రావుగారికి గుర్రాలు లేవు. కూలీలున్నారు.

రోజూ ఇద్దరిని ఎంచేవాడు. చెరో చెట్టు, చెరో గంప. ఎవడి గంప ముందు నిండుతుందో వాడు ముఠాలో ఉంటాడు, రెండోవాడికి ఈ కోతలకి సెలవు. మనుషులెక్కువయ్యారు, ఏరెయ్యాలి అని మేస్త్రీ సువర్ణరాజుతో చెప్పించాడు. అసలు సంగతి అది కాదు. ఒక ముల్లు ఆగి రెండోది ఇంకా పరుగెడుతుంటే ఆయనకి ఒళ్లు పులకరించేది. మడతకుర్చీలో కాళ్లు చాపుకుని, బెజవాడ నుంచి వచ్చిన బావమరుదులకి కూడా చూపించి నవ్వేవాడు.

"ఒరేయ్ చిన్నయ్యా, నువ్వా నీ కొడుకా, ఇవాళ తేలిపోవాలి," అన్నాడు రావుగారు, మణికట్టు ఎత్తి పట్టుకుని.

తండ్రీ కొడుకుల మధ్య పందెమేంటని అక్కడున్న పాతికమందిలో ఒక్కడూ అడగలేదు. సువర్ణరాజు నేల చూశాడు. తండ్రీ కొడుకులూ అడగలేదు. చెట్లెక్కారు.

మామిడికాయ కోతకి ఒక పద్ధతుంది. కాయకి వేలెడు తొడిమ ఉంచి తుంచాలి. తొడిమ మొదలంటా విరిగితే సొన చిమ్ముతుంది. కాయ మీద పడితే కాయ నల్లబడుతుంది, ఒంటి మీద పడితే ఒళ్లు కాలుతుంది. కొడుకుకి చిన్నయ్య నేర్పిన మొదటి పాఠం ఇదే. ఆ పొద్దు పెద్దిరాజు దాన్ని పక్కన పెట్టాడు. అందినకాడికి లాగి గంపలో పడేశాడు. పదకొండు సెకన్ల తేడాతో గెలిచాడు. బావమరుదులు చప్పట్లు కొట్టారు. చిన్నయ్య దిగి, గెడ చెట్టుకి ఆనించి, తువ్వాలు మెడకి చుట్టుకుని ఇంటికి నడిచాడు.

మధ్యాహ్నం పెద్దిరాజు వచ్చేసరికి నాగేంద్రమ్మ కంచం పెట్టలేదు. మీ నాన్న పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, పశువుల పాకలో కూర్చున్నాడు, నువ్వు మాత్రం తింటావా అంది. కన్నవాణ్ణి కూర్చోబెట్టి సంపాదించే కూడు ఈ ఇంట్లో వండనంది. పెద్దిరాజు కూడా ఊరుకోలేదు. నేను ఓడితే మన నలుగురినీ ఆయన పోషిస్తాడా, పుట్టబోయేదాన్ని ఆయన సాకుతాడా అని అరిచాడు.

"ఆయన్నేమీ అనకండత్తా," అంది దుర్గ. "ఓడిపోయి రావద్దని రాత్రి ఒట్టు పెట్టించుకున్నది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి."

నాగేంద్రమ్మ కోడల్ని తేరిపార చూసింది. తిట్టలేదు. పొయ్యి వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుంది.

పెద్దిరాజు పాకలోకి వెళ్లాడు. అంత ఉక్కలోనూ తండ్రి మెడకి తువ్వాలు బిగించుకునే ఉన్నాడు. తీయమంటే తీయలేదు. పెద్దిరాజే లాగేశాడు. చెవి కింద నుంచి గుండెల దాకా చర్మం నల్లగా కమిలి, బొబ్బలెక్కి ఉంది. సొన. నలభై ఏళ్లలో ఆ ఒంటి మీద ఒక్క సొన మచ్చ ఎవరూ చూడలేదు.

"నువ్వూ తొడిమలు విరిచావా నాన్నా?"

చిన్నయ్య తువ్వాలు లాక్కోబోయి వదిలేశాడు.

"విరిచాను. గెలవాలనే విరిచానురా. నువ్వు చివరి కొమ్మ మీద ఉన్నప్పుడు... నీ కాలు జారితే బాగుండుననుకున్నాను. నా కొడుకువి. నా నోరు పడిపోనూ."

పెద్దిరాజు కూలబడ్డాడు. తండ్రి మోకాళ్ల మీద తల పెట్టాడు.

"నేనూ అనుకున్నాను నాన్నా. ముందు నేనే అనుకున్నాను."

దుర్గ గుమ్మంలో నిలబడి విన్నది. లోపలికెళ్లి వెన్న తెచ్చి మామగారి మెడకి తనే రాసింది. ముగ్గురూ ఏడుస్తున్నారు, ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు.

మర్నాడు సువర్ణరాజు పెద్దిరాజుని పిలవడానికి వచ్చాడు.

"మా నాన్నతోనే వస్తాను. తీసేసినవాళ్లందర్నీ పిలవాలి. ఆ గడియారం తోటలోకి రాకూడదు," అన్నాడు పెద్దిరాజు.

"మీరు రాకపోతే ఇంకోళ్లొస్తారురా."

"వాళ్లిళ్లకి తెల్లారకముందే మేం వెళ్లొచ్చాం మేస్త్రీగారూ," అన్నాడు చిన్నయ్య.

ఆ రోజూ మర్నాడూ ఎవరూ తోటకి పోలేదు. కాయ చెట్టు మీదే పండి రాలింది. పందెంలో కోసిన గంపలు నూజివీడు మార్కెట్టులో విప్పితే సగం కాయ సొనకి మాడి ఉంది, షావుకారు పారబోయించాడు. మూడో పొద్దుకి కబురొచ్చింది, అందర్నీ రమ్మని. రావుగారు సిగ్గుపడి పిలిచాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ల అమాయకత్వం. "ఇవాళ చంద్రుడిది పెట్టుకున్నాను, దీనికేం అభ్యంతరం లేదుగా," అని మడతకుర్చీలోంచి నవ్వాడు. నీళ్ల కుండ మీద మూత పెట్టించమన్నాడు చిన్నయ్య.

పెద్దిరాజు చెట్టెక్కాడు. చిన్నయ్య కింద గెడ పట్టుకుని, కొడుకు పాదం ఎక్కడ పడుతోందో చూస్తూ నిలబడ్డాడు.

"ఆ కొమ్మ పుచ్చింది. ఇటు వేయరా కాలు. నెమ్మదిగా."

"ఆఁ, వేశాను నాన్నా."