నిటారుగా ఇచ్చిన కొలత

ఆ కుర్రాడు బండి మీద నిలబడి వచ్చాడు.

సర్కస్ కాదు. ఫుట్‌రెస్టుల మీద పాదాలు ఆనించి, సీటుకి జానెడు ఎత్తున నడుముని గాలిలో వేలాడదీసి, మొహం చిట్లించుకుని, సీట్ల కొట్టు ముందు బ్రేకు వేశాడు.

"సీటుండి కూడా నిలబడి వచ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా," అంది లోపల కుట్టుమిషను దగ్గర కూర్చున్న అమ్మాయి, తల ఎత్తకుండానే.

"తల ఎత్తకుండా ఎలా చూశారండీ?"

"అద్దంలో." ఎదుటి గోడకి తగిలించిన పాత బండి అద్దాన్ని కత్తెరతో చూపించింది.

అద్దంలో కనబడ్డ కళ్ళని చూసి కుర్రాడు దిగడం మరిచిపోయాడు. తర్వాత గుర్తొచ్చి దిగాడు.

కొరియర్ ఆఫీసులో ఇతన్ని పార్సిల్ అంటారు. ఊరందరి సామాన్లూ సరైన గుమ్మానికి చేర్చేవాడే గానీ, సొంత మనసుకి మాత్రం ఇంతవరకూ అడ్రసు దొరకలేదు. ఆ అమ్మాయిని వీధిలో సూది అంటారు. మిషనులో ఉన్నదాన్ని బట్టి అంటారా, నోట్లో ఉన్నదాన్ని బట్టి అంటారా అన్నది ఎవరి అనుభవం వాళ్ళది.

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన ఆమె తండ్రి, మేస్త్రి. జీవితమంతా జనం కూర్చోడానికి తను వంగి కుట్టినవాడు. ఇప్పుడు వేళ్ళకి పట్టు పోయింది. కుట్టడం మానేసి, కూతురు కుట్టినదాన్ని బొటనవేలితో నొక్కి చూసి "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" రాకపోతే సీటు కొట్టు దాటదు.

"నడుం నొప్పండీ. కూర్చుంటే ఇటుక మీద కూర్చున్నట్టుంది," అన్నాడు పార్సిల్.

సూది సీటు ఊడదీసి బోర్లించింది. స్క్రూడ్రైవరు మొనతో అడుగున ఉన్న పిన్నులు ఒక్కొక్కటే లేపి, కవరు ఒలిచేసింది. లోపలి స్పాంజి ముందువైపు పసుపుపచ్చగా మారి పొడిపొడిగా రాలింది.

"ముందు సగం అట్టముక్కలా అణిగిపోయింది. వెనక సగం మాత్రం కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంది."

"అంటే?"

"మీ వెనక ఎవరూ కూర్చోలేదని."

"పార్సిళ్ళు ఉంటాయి కదండీ..."

"వాటికి పక్కన పెట్టె ఉంది. నేనడిగింది మనుషుల గురించి."

"మీరేం అడగలేదండీ."

"అవును, అడగలేదు. స్పాంజే చెప్పింది." సూది గబగబా చేతులు దులుపుకుంది. మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతుకి అప్పుడు సవరణ అవసరమేమీ లేదు.

ఈ సీటు మీద కూర్చునేది పార్సిల్ ఒక్కడే. దీని మీద ఆశపెట్టుకుని కూర్చున్నవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. ఇతని సీటు బాగుంటే ఆఫీసు బళ్ళన్నిటికీ ఇక్కడే మార్పిస్తానని కొరియర్ మేనేజరు అన్నాడు. పక్క కొట్టు ఆయన ఫోన్ కవర్లు అమ్ముతాడు. "మీవీ కవర్లే, మావీ కవర్లే, గోడ తీసేసి కలిపేద్దాం" అని మేస్త్రి వెంటపడుతున్నాడు. బళ్ళ పని వస్తే కొట్టు కూతురికి, రాకపోతే తాళంచెవి పక్కాయనకి. మేస్త్రి మాట ఇచ్చేశాడు.

"కొలత తీసుకోవాలి, కూర్చోండి," అంది సూది.

ఆ కొట్టులో కొలత టేపుతో తీసుకోరు. ప్లాస్టిక్ అడుగు మీద కొత్త స్పాంజి దిమ్మ పెట్టి, సీటుని బండికి బిగించి, పైన నీలం సుద్దపొడి చల్లుతారు. మనిషి రోజూ ఎలా కూర్చుంటాడో అలా కూర్చుని హ్యాండిల్ పట్టుకోవాలి. దిగాక, బరువు ఆనిన చోట పొడి అణిగి గుర్తు పడుతుంది. అక్కడ పల్లం తీసి మెత్తటి స్పాంజి అతికిస్తారు. మిగతాదంతా గట్టిదే. మేస్త్రి కనిపెట్టిన పద్ధతి. ఇంతవరకూ ఒక్క సీటు కూడా తిరిగి రాలేదు.

"రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోవాలి సుమా," అని సూది ఎదురుగా నిలబడింది.

పార్సిల్ కూర్చున్నాడు. కూర్చుని, ప్యాంటు వెనక రెండు నీలం చందమామలతో దిగాడు. ఆ చందమామలతోనే మధ్యాహ్నమంతా మరో బండి మీద ఊరంతా తిరిగాడు. ఆఫీసులో జనం పడీపడీ నవ్వారు.

సాయంత్రానికి సీటు తయారైంది. నల్ల రెక్సిన్, అంచున బూడిదరంగు గీత, జంట కుట్టు, కుట్టు సందుల్లోంచి వాన నీళ్ళు దిగకుండా కవరు కింద ప్లాస్టిక్ షీటు. మేస్త్రి నొక్కి చూసి, "ఊఁ... సరే," అన్నాడు. ఊఁకీ సరేకీ మధ్య కాస్త ఆగాడు.

మర్నాడు పొద్దున్న మొదటి వీధి దాటేదాకా స్వర్గం. రెండో వీధిలో అనుమానం. పెద్ద రోడ్డెక్కేసరికి, వెన్ను చివర ఎవరో గుద్దుతున్నట్టు అనిపించింది. పార్సిల్ మళ్ళీ లేచి నిలబడ్డాడు.

సిగ్నల్ దగ్గర ఆగి కూర్చుంటే, బట్టల దుకాణం గాజు తలుపులో తన రూపం తనకే కనబడింది. వీపు విల్లులా వంగి, పొట్ట హాయిగా ముందుకొచ్చి, మెడ భుజాల్లోకి దిగిపోయి ఉన్నాడు. నిన్న కొలత ఇచ్చినప్పుడు ఎలా కూర్చున్నాడో గుర్తొచ్చింది. పచ్చ దీపం పడింది, వెనక హారన్లు మోగాయి, ఇతను కదల్లేదు.

"సీటెలా ఉందయ్యా?" అన్నాడు మేనేజరు.

"రేపు చెప్తాను సార్."

"కూర్చుంటే తెలిసేదానికి రేపటిదాకా ఎందుకు?"

బాగుందంటే రేపట్నుంచి ఆఫీసంతా కూర్చుంటుంది. బాగాలేదంటే ఆ అమ్మాయి లేవాల్సి వస్తుంది. పార్సిల్ తిన్నగా కొట్టుకి వెళ్ళాడు.

"నొప్పి తగ్గలేదండీ," అనేసి నాలిక కరుచుకున్నాడు.

సూది మిషను ఆపింది. "మా సీటు తిరిగి రావడం ఇదే మొదటిసారి."

"సీటు బాగానే ఉందండీ. అంటే, చూడ్డానికి..."

"చూడ్డానికి గోడకి తగిలించుకుంటారా?"

వెంటనే కవరు విప్పింది. పల్లాన్ని వేళ్ళతో తడిమింది. సుద్ద గుర్తు ఎక్కడ ఉందో పల్లం అక్కడే ఉంది. లోతు సరే, అతుకు సరే. రెండోసారి తడిమింది. మూడోసారి తడిమేటప్పుడు ఆమె మొహంలో కోపం లేదు. అది పోయి వేరేదేదో వచ్చింది.

"నాన్నా," అంది నెమ్మదిగా. "తప్పెక్కడుందో నాకు కనబడ్డం లేదు. నా చేతికి ఇంకా పని రాలేదు. తాళంచెవి పక్కాయనకి ఇచ్చెయ్యండి."

మేస్త్రి నోరు విప్పబోయాడు. అంతలో పార్సిల్ అడ్డుపడ్డాడు.

"తప్పు మీది కాదండీ! కొలతది!"

"కొలత తీసింది నేనేగా?"

"ఇచ్చింది నేను కదండీ."

"రోజూలా కూర్చోమన్నానా, లేదా?"

"అన్నారు. ఎదురుగా మీరు నిలబడి చూస్తుంటే రోజూలా ఎలా కూర్చోమంటారు? ఊపిరి బిగబట్టాను. పొట్ట లోపలికి లాగాను. ఛాతీ విరుచుకున్నాను. మీరు కొలిచింది నన్ను కాదండీ. నాకంటే కాస్త బాగుండేవాణ్ణి."

పక్క కొట్టులో ఫోను ఒకటి మోగి మోగి ఆగింది.

"నాకు అప్పుడే అనుమానం వచ్చింది," అన్నాడు మేస్త్రి. "కొరియర్ కుర్రాడు కానిస్టేబుల్లా కూర్చున్నాడేమిటా అని."

"మరి చెప్పలేదేం నాన్నా?"

"కొలత తీసేటప్పుడు మనిషి వీపు చూడమని నీకు నేర్పింది నేనే. నిన్న నువ్వు మొహం చూస్తున్నావు. మధ్యలో నేనెందుకులే అనుకున్నా."

సూది మొహం ఎరుపెక్కింది. కత్తెర కోసం వెతికింది. అది చేతిలోనే ఉంది.

మళ్ళీ దిమ్మ పెట్టారు, పొడి చల్లారు. ఈసారి సూది గోడవైపు తిరిగి నిలబడింది. పార్సిల్ కూర్చుని ఊపిరి వదిలాడు. వీపు వంగింది, పొట్ట వచ్చింది, మెడ దిగింది. అప్పుడు గోడ మీది అద్దంలో రెండు కళ్ళు కనబడ్డాయి. టక్కున నిటారయ్యాడు.

"వంగండి!" అంది సూది.

"మీరు కళ్ళు మూసుకోండి!"

"నేను చూడ్డం లేదు!"

"చూడకుండా నేను నిటారయ్యానని ఎలా తెలిసింది?"

మేస్త్రి లేచి వెళ్ళి అద్దం మీద రెక్సిన్ ముక్క కప్పాడు. అలా కొలత పూర్తయింది.

కొత్త పల్లం వెనక్కి జరిగింది, నొప్పి ముందుకెళ్ళి మాయమైంది. పార్సిల్ రోజంతా కూర్చునే తిరిగాడు. మేనేజరు తనే ఆ బండెక్కి ఆఫీసు చుట్టూ ఒక చుట్టు కొట్టి వచ్చి, "ముందు నా బండి," అన్నాడు. ఆ మాట మోసుకొచ్చిన పార్సిల్‌కి సంతకం పెట్టేవాళ్ళు లేరు గానీ, మేస్త్రి మాత్రం తాళంచెవి తీసి కుట్టుమిషను మీద పెట్టాడు. సూది దాన్ని వెంటనే తీసుకోలేదు. మేస్త్రిలాగే బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, అప్పుడు తీసుకుంది.

"ఇంకో పని మిగిలిపోయింది," అంది బయటికొచ్చి. "వెనక సీటు ట్రయల్."

"అవునూ, వెనక స్పాంజి నలగలేదన్నారుగా? మరి ఎందుకు మార్చారు?"

"నలగలేదని వదిలేస్తే ఎప్పటికీ నలగదు. బండి తియ్యండి."

పార్సిల్ మేస్త్రివైపు చూశాడు. మేస్త్రి స్టూలు మీద సర్దుకుని, "మూల మలుపు దగ్గర గుంట ఉంది, నెమ్మదిగా తీసుకెళ్ళు బాబూ. ఆమె ఒక్కతే నాకు," అన్నాడు.

వాన సన్నగా మొదలైంది. మూల మలుపు దాకా వెళ్ళి, గుంట తప్పించుకుని, ఇంకో వీధి ఎక్కువే తిరిగారు. పార్సిల్ అక్కడ బండి ఆపేశాడు.

"మళ్ళీ నొప్పండీ."

"మళ్ళీనా!"

"మీరు వెనక కూర్చుంటే నేను నిటారైపోతున్నాను. ఈ పల్లం వంగేవాడిది. ఇప్పుడెలా?"

సూది చాలాసేపు నవ్వింది. తర్వాత మామూలుగా, సీటు సంగతి చెప్పినట్టే చెప్పింది.

"ఏమీ మార్చక్కర్లేదు. ఎన్నాళ్ళని బిగబట్టుకుంటావు? రోజూ నేను వెనక కూర్చుంటుంటే నీకే అలవాటైపోతుంది. బండి పోనీ."

వాన కాస్త పెరిగింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని పార్సిల్‌కి ముందు అర్థమైంది. 'రోజూ' అన్న మాట కాస్త ఆలస్యంగా అర్థమైంది.

గుండెల నిండా ఉన్న ఊపిరి వదిలేశాడు. భుజాలు దిగాయి, వీపు వంగింది. సీటు సరిగ్గా సరిపోయింది.