పలకని ఇంటిపేరు

ఉదయం పదిన్నరకు తీర్పు అమలైంది. మండపేట బజారులో సాంబమూర్తి నూనె కొట్టు బోర్డు మీద ‘కొమరగిరి’ అన్న అక్షరాలు వాటంతటవే మాసిపోయి, ‘గానుగ నూనె’ అన్న మాటలు మాత్రం మిగిలాయి. రోడ్డుకు అవతల డ్రైవరు లేని కారులో కూర్చున్న అతని అక్క హైమవతి అది కళ్లారా చూసి, బండిని పోనివ్వమంది.

ఆ రోజుల్లో వ్యాపారాల పేర్లకు పేరుకాపరి అనే యంత్రం కాపలా. అందరి చెవుల్లోనూ వినికిడిపూసలుండేవి. ఏ మాటైనా వాటి గుండానే వినపడేది. హక్కు లేనివాడు కొనేవాళ్ల ఎదుట ఆ పేరు పలికితే, పేరుకాపరి ఆ ఒక్క మాటనూ మింగేసేది.

నూనె వ్యాపారంలో ఇంటిపేరు వాడుకునే హక్కు తనకొక్కదానికే ఉండాలని కేసు వేసి, “మా తమ్ముడు గానుగ దగ్గర ఒక్కరోజూ కూర్చోలేదు” అని హైమవతి కోర్టులో చెప్పింది. నిజానికి ఆమె కాకినాడలో చదువుకున్న ఏడేళ్లూ గానుగ నడిపింది అతనే. సాంబమూర్తి కాదనలేదు. తల వంచుకుని విన్నాడు.

మూడు వారాలకు అతని కూతురు ప్రణవి నిశ్చితార్థం. తనను పిలవరనుకుంది హైమవతి; పిలిచారు. వెళ్లి వెనక వరసలో కూర్చుంది.

నిశ్చితార్థం ముహూర్తానికే జరిగే పెళ్లి నమోదుకు తండ్రో, తండ్రి తోడబుట్టినవాళ్లో సొంత గొంతుతో ఇంటిపేరు చెప్పాలని చట్టం. సాంబమూర్తి లేచి నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. “...సాంబమూర్తి కూతురండి” అన్నదే వినపడింది.

“ఇంటిపేరు వినపళ్లేదండీ బావగారూ” అన్నాడు పెళ్లికొడుకు తండ్రి.

మళ్లీ చెప్పాడు. మళ్లీ అంతే. వచ్చినవాళ్లలో సగంమంది అతని కొట్లో నూనె కొనేవాళ్లే. అమ్మకం మాటకీ పెళ్లి మాటకీ తేడా ఏమిటో ఆ యంత్రానికి ఎవరూ నేర్పలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. సాంబమూర్తి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

హైమవతి తల ఎత్తలేకపోయింది. ప్రణవి లేచి ఆమె దగ్గరకే వచ్చింది.

“అత్తా, నువ్వు చెప్పవా? నీకు హక్కుంది కదా.”

ఆ పిల్ల గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండుననిపించింది హైమవతికి.

“కేసు వెనక్కి తీసేసుకుంటానమ్మా. ఇవాళే...”

“దానికి ఆర్నెల్లు పడుతుందంట. నాన్న కనుక్కున్నాడు. ముహూర్తం దాటిపోతోంది అత్తా.”

హైమవతి వెళ్లి తమ్ముడి పక్కన నిలబడింది. “ఈ అమ్మాయి కొమరగిరి సాంబమూర్తి కూతురు” అంది. ప్రతి అక్షరమూ అందరికీ స్పష్టంగా వినపడింది. ఆమెకు తన గొంతు తనకే రోత పుట్టించింది.

సాంబమూర్తి ఆమె వైపు తిరిగాడు. మాటలు వచ్చినప్పటి నుంచీ ‘ఏమే అక్కా’ అని పిలిచినవాడు, రెండు చేతులూ జోడించాడు.

“చాలా సంతోషమండీ” అన్నాడు.