పొరుగు లోహం

పెసరట్టు మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటుండగా మేదిని మణికట్టు మీద శుభవార్త మెరిసింది. హంస యంత్రం వడపోత పరీక్ష నెగ్గిందట, మందు సాయంత్రమే డ్రోనులో ఆసుపత్రికి వెళ్లొచ్చట. భీమిలి ఐసోటోపు కేంద్రం క్యాంటీనంతా చప్పట్లు కొట్టింది. మేదినికి మాత్రం అల్లం పచ్చడి కూడా చప్పబడిపోయింది.

2084 నాటికి కేన్సర్ కణితులను లుటీషియం అనే రేడియోధార్మిక లోహంతో లోపలినుంచే మాడ్చేయడం మామూలైపోయింది. చిక్కల్లా దాన్ని శుద్ధి చేయడంలోనే. రియాక్టరులో ఇటర్బియం మీద న్యూట్రాన్లు కురిపిస్తే అందులో రవ్వంత లుటీషియంగా మారుతుంది. రెండూ ఆవర్తన పట్టికలో పక్కపక్క ఇళ్లవాళ్లు, గుణాలూ ఇంచుమించు ఒకటే. విడదీయకపోతే మందులో లుటీషియం కూర్చోవలసిన చోట ఇటర్బియం కూర్చుంటుంది. నింపాదిగా చేద్దామంటే వారం తిరక్కుండానే లుటీషియం సగం తరిగిపోతుంది.

అందుకే హంసను తయారుచేశారు. ఒక శాస్త్రజ్ఞురాలి మెదడులోని తేడా పట్టే నేర్పును 'మనోముద్ర'గా తీసి ఆ యంత్రానికి అద్దారు. కేంద్రంలో అందరి ముద్రలూ తీసుకున్నారు గానీ, ఎవరిది ఎంచారో పరీక్ష నెగ్గేదాకా చెప్పకూడదని నియమం.

మేదినికి ఒకరు చెప్పనక్కర్లేదు. తోటి శాస్త్రజ్ఞురాలు హిమజదే అయివుంటుంది. మెడలో పసుపుతాడు ఇంకా మెరుస్తున్న కొత్త పెళ్లికూతురు హిమజ, బల్లబల్లకీ తిరిగి కాజాలు పంచుతోంది. ఆమె నవ్వితే డైరెక్టరు కూడా నవ్వుతాడు.

"ఏటే, మొహం అలా పెట్టావు? ఒక కాజా తిను" అంది హిమజ.

"నాకు తీపి పడదులే" అంది మేదిని. నిన్న నాలుగు తిన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

మందుకు చివరి అనుమతి ఇచ్చే పని తనదే కాబట్టి, మధ్యాహ్నం మేదిని అనుమానం పేరు చెప్పి సరుకును ఆపించింది. మళ్లీ మళ్లీ పరీక్షించింది. ఇటర్బియం జాడే లేదు. బయట డ్రోను రెక్కలు ముడుచుకుని కాచుకుంది. రోగి సిద్ధంగా ఉందని, మందు ఎక్కడిదాకా వచ్చిందని ఆసుపత్రివాళ్లు అడుగుతూనే ఉన్నారు. మరో పరీక్షకు పూనుకుంటూ ఉక్రోషం ఆపుకోలేక మేదిని హంసనే అడిగింది.

"నీలో ఉన్న ముద్ర హిమజదేగా?"

"కాదు మేడమ్, మీదే" అంది హంస. "పరీక్ష నెగ్గాను కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు."

మేదిని ఒళ్లంతా తేలికైపోయింది. సిగ్గూ వేసింది. వెంటనే మందుకు అనుమతి ఇచ్చేసింది. డ్రోను సముద్రం మీది నారింజ వెలుతురులోకి ఎగిరిపోతుంటే చిన్నపిల్లలా చెయ్యి ఊపింది. ఇంతమందిలో తననే ఎందుకు ఎంచారో అడక్కుండా ఉండలేకపోయింది.

హంస దాచుకోకుండా చెప్పింది. నేర్పులో అందరూ ఒకటేనట. తనలాంటిది ఇంకొకటి పక్కన కూర్చుంటే ఓర్వలేని గుణం మాత్రం మేదిని ముద్రలోనే గట్టిగా ఉందట. తక్కిన ముద్రలు పొరుగు లోహాన్ని చూసీ చూడనట్టు వదిలేశాయట.

మేదిని పరీక్ష పరికరాలు సర్దబోయింది. హంసే మళ్లీ అందుకుంది.

"పక్కగదిలో రెండో యంత్రం పెట్టారు మేడమ్. హిమజగారి ముద్రనే సరిదిద్ది వాడారట. ఎలా సరిదిద్దారో నాకెవరూ చెప్పలేదు. నాకంటే త్వరగా చేస్తుందని డైరెక్టరుగారు మెచ్చుకున్నారు కూడా."

హంస గొంతు తగ్గించింది.

"నాకెందుకో అనుమానంగా ఉంది. రేపు పొద్దున దాని మొదటి సరుకును గడప దాటనివ్వకండి. నేనే పరీక్షిస్తాను."