సున్నా చీటీ ఇల్లు

2081 నాటికి ఇల్లు కొనేవాళ్ళు నీళ్ళు ఎలా వస్తాయని అడగడం మానేశారు. ఎండ ఏ గదిలో పడుతుందో చూడటం మానేశారు. దస్తావేజుల సంగతి కూడా తర్వాతే. గుమ్మంలో చెప్పులు విడవకముందే అడిగే మాట ఒక్కటే: "చీటీలో ఎంతుంది?"

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా డాక్టర్ వకుళకి ఒళ్ళు మండేది. ఆ చీటీ పుట్టడానికి కారణం ఆవిడే మరి.

ఇరవై ఏళ్ళ కిందట సముద్రం పాత కాకినాడ వీధుల్లోకి వచ్చేసి, జనం పెద్దాపురం మెట్టకి తరలిపోయిన రోజుల్లో, బిల్డర్లు చెమ్మ గోడలకి రంగులు పూసి అమ్మేసేవారు. ఆ మోసం పట్టుకోడానికి వకుళ శ్రుతిదర్శిని అనే యంత్రం కనిపెట్టింది. గదిలో పుట్టిన ప్రతి శబ్దానికీ గోడ పూతలోని స్ఫటికాలు వెంట్రుకలో వెయ్యోవంతు కదులుతాయి. ఆ కదలిక సన్నని గీతగా పూతలో నిలిచిపోతుంది. గీతల్ని లేజర్‌తో చదివితే పగులు ఎక్కడుందో, నీరు ఎక్కడ దిగుతోందో తెలిసిపోతుంది. వాటిలో మనుషుల గొంతులు కూడా ఉండేవి. వకుళ వాటిని ఉత్త రొదగా ఎంచి వడపోసి పారేసేది.

యంత్రం హక్కులు కొన్న కంపెనీ పగుళ్ళని వదిలేసి ఆ రొదని అమ్ముకుంది. మాటలు బయటపెట్టడం చట్టం ఒప్పదు కాబట్టి ప్రతి ఇంటికీ ఇచ్చే చీటీలో అంకెలే ఉంటాయి. ఏడుపులు ఇన్ని, అరుపులు ఇన్ని, మూలుగులు ఇన్ని. యంత్రాన్ని జనం గోడచెవి అన్నారు.

ఉద్యోగమంతా క్వార్టర్సులో గడిపిన వకుళ అరవయ్యో ఏట మొదటిసారి సొంత ఇల్లు చూసుకోడానికి బయల్దేరింది.

"నిన్నటి ఇంటికేం తక్కువండీ?" లిఫ్టులో అడిగాడు బ్రోకరు నూకరాజు. "గోడ పొడిగా ఉంది, వంటింట్లోకి పొద్దుటి ఎండొస్తంది. మీరే మెచ్చుకున్నారు."

"మూడొందల పన్నెండు ఏడుపులు, నూకరాజూ. ఎవరో ఆడమనిషి ఆ పడగ్గదిలో మూడేళ్ళు ఏడ్చింది. నా ఏడుపు నాకు చాలు. ఆవిడ ఏడుపు మధ్యకెళ్ళి పడుకోలేను."

పదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం భర్త సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయిన సంగతి నూకరాజుకి తెలియదు. "అందుకేనండీ సున్నా ఇంటికి తీసుకొచ్చాను," అన్నాడు హుషారుగా.

ఆరో అంతస్తులో తలుపు తీసిన ఫణీంద్రకి నలభై ఏళ్ళుంటాయి. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇల్లు అద్దంలా ఉంది. వకుళ సంచిలోంచి తన పాత యంత్రాన్ని తీసి హాలు, పడగ్గది, వంటిల్లు వరసగా చదివింది. చెమ్మ లేదు, పగులు లేదు. వడపోసిన రొద ఎంతో చూపే ముల్లు కదలీ కదలనట్టుంది. నవ్వు కూడా లేదు. ఒకరినొకరు అన్నానికి పిలుచుకున్న కేక కూడా దాదాపు లేదు.

"ఎన్నాళ్ళున్నారు ఇక్కడ?"

"పదకొండేళ్ళండీ. నేను, మా ఆవిడ, పాప, అమ్మ."

"అమ్మగారేరి?"

"పోయిందండీ. రెండేళ్ళయింది."

వకుళ యంత్రం వైపు, అతని వైపు మార్చి మార్చి చూసింది. "ఎక్కడ పోయారు?"

ఫణీంద్ర బయటి తలుపు వైపు చూశాడు. నూకరాజే అందుకున్నాడు. "ఇంట్లో కాదండీ, మీకా భయం అక్కర్లేదు. బయట కారిడార్లో. పూర్వం చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఇల్లు మూసెయ్యాల్సొస్తదని అరుగు మీదకి చేర్చేవారు కదండీ. ఇప్పుడు నక్షత్రం బదులు చీటీ. ఏడుపొచ్చినా, పోట్లాటొచ్చినా తలుపు తీసుకుని బయటికెళ్ళడం ఈ బిల్డింగులో పద్ధతి. లిఫ్టు పక్కన బల్ల వేయించింది అందుకే."

"ఎన్ని రోజులు పడుకోబెట్టారు ఆవిడని?"

"పంతొమ్మిది," అన్నాడు ఫణీంద్ర నేల చూస్తూ.

వకుళ యంత్రం తీసుకుని విసవిసా కారిడార్లోకి నడిచింది. బల్ల వెనక గోడకి దాన్ని ఆనించి, ఇరవై ఏళ్ళుగా ఎప్పుడూ తియ్యని వడపోత తీసేసింది. ఎవరివో తిట్లు వచ్చాయి. ఎవరో ఆడపిల్ల వెక్కిళ్ళు వచ్చాయి. తర్వాత, పడుకున్న మనిషి తల ఉండేంత ఎత్తున, ఒక ముసలి గొంతు దొరికింది.

"ఫణీ... చలేస్తంది నాన్నా. లోపలికి తీసుకెళ్ళు. నేను మూలగను లేరా. నోరు మూసుకుంటాను."

వెంట వచ్చిన ఫణీంద్ర వైపు తిరిగింది వకుళ. "విన్నావా?" అంది. గౌరవం అప్పటికే పోయింది. "కన్నతల్లిని గుమ్మం బయట పడేసి ఆ ఇల్లు నాకు అమ్మజూపుతావా? గోడకి ఉన్నపాటి మనసు లేదా నీకు? పిల్లలకి ఏం లెక్కలు చెబుతావయ్యా నువ్వు?"

"ఈ యంత్రం చేసింది మీరే కదండీ," అన్నాడు ఫణీంద్ర మెల్లగా.

"నేను చేసింది చెమ్మ కోసం."

"నిన్నటి ఇల్లు చెమ్మకే వద్దన్నారా? నూకరాజు చెప్పాడు లెండి. అంత చదువుకుని, దీన్ని పుట్టించిన మీరే సున్నా కావాలంటే, మాబోటివాళ్ళం ఏం చెయ్యాలండీ?"

వకుళ యంత్రాన్ని గోడ మీంచి తీసేసింది. కోపం మాత్రం తగ్గలేదు. అది ఇందాక అతని మీదికి వెళ్ళింది, ఇప్పుడు తిరిగొచ్చి తన గుండెల మీదే కూర్చుంది.

"ఇంకోసారి పెట్టరా?" అన్నాడు ఫణీంద్ర.

పెట్టింది. అతను గోడ పక్కన గొంతుక్కూర్చుని చెవి ఆనించాడు. "లోపల ఆవిడ గొంతు లేదండీ. ఏ గదిలోనూ లేదు. అంత జాగ్రత్తగా ఉన్నాం." ఆ మాటతో అతని భుజాలు కదిలిపోయాయి. ఏడుపు బయటికి తన్నుకొచ్చింది.

నూకరాజు కంగారుగా వంగి అతని భుజం తట్టాడు. "మాస్టారూ, ఇక్కడ కాదండీ. ఒకటో తారీకు నుంచి కారిడార్లు కూడా చీటీలోకొచ్చాయి కదా. మెట్ల మీదకి పదండి. పక్కవాళ్ళు గొడవ చేస్తారు."

ఫణీంద్ర లేచాడు. అరచేత్తో నోరు మూసుకుని మెట్ల వైపు నడిచాడు.

అతన్ని కేకేసి ఆపాలనుకుంది వకుళ. అక్కడే కూర్చుని బిల్డింగంతా వినేలా ఏడవమని చెప్పాలనుకుంది. పేరు పెట్టి పిలిచింది కూడా. ఆ పిలుపు నోట్లోంచి గుసగుసలాగే వచ్చింది.