పెద్ద ఛత్రీ, చిన్న ఛత్రీ

పెరట్లో గడ్డపార చప్పుడు విని ఊర్మిల పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. మామ రామనర్సయ్య తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన ముగ్గుపిండితో గీసిన సున్నాలో ఆమె భర్త దుర్గేశ్ గుంట తవ్వుతున్నాడు. ఎందుకని అడిగితే దుర్గేశ్ తల ఎత్తలేదు. టీవీకి పెద్ద ఛత్రీ పెట్టిస్తున్నామనీ, మధ్యాహ్నంలోగా దుకాణం సతీష్ సామాను తెస్తాడనీ, సిమెంటు కలపడానికి నీళ్ళు తోడి పెట్టమనీ రామనర్సయ్యే చెప్పాడు.

డిష్ ఆంటెనాని ఆ చుట్టుపక్కల అందరూ ఛత్రీ అనే అంటారు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో, కుంట అనే ఊరి నుంచి భేజ్జి వెళ్ళే దారిలో ఉన్న ఆ పల్లెలో రామనర్సయ్యది పెంకుటిల్లు, దాని వెనక వరి పొలం. ఇంటి మీద వెదురు గడకి కట్టిన అల్యూమినియం ఆంటెనా ఒకటి ఇంకా ఉంది. గాలిలో వచ్చే పాత ప్రసారం ఆగిపోయాక దాని మీద కాకులు వాలడమే తప్ప ఇంకో పని లేదు. టీవీ మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద మనవరాలు దుర్గాభవాని బడి సంచి పెట్టుకుంటోంది. ఈ ఏడు కరెంటు నిలకడగా ఉంటోందని మళ్ళీ టీవీ పెట్టుకుందామనుకున్నారు. కుంట సంతకు వెళ్ళినప్పుడు మామ, కొడుకు, కోడలు ముగ్గురూ సతీష్ దుకాణంలో ఛత్రీలు చూశారు.

సతీష్ రెండు రకాలు చూపించాడు. చిన్నది బియ్యం చెరిగే చాట కంటే కాస్త పెద్దది. గోడకి బిగించి ఆగ్నేయం వైపు తిప్పితే చాలు. హిందీ ఛానెళ్ళు, ఛత్తీస్‌గఢ్ ఛానెల్, ఒక తెలుగు సర్కారీ ఛానెల్ వస్తాయి. గట్టి వాన పడినప్పుడు మాత్రం బొమ్మ ఆగిపోతుంది. పెద్దది మనిషంత ఎత్తు, ఇనప వల అల్లిన జాలీ ఛత్రీ. పెంకుల మీద నిలవదు, నేలలో పైపు పాతి సిమెంటు పోయాలి. అది నైరుతి వైపు చూస్తుంది. తెలుగు ఛానెళ్ళు బోలెడు వస్తాయి, వానలో కూడా బొమ్మ పోదు. నెలనెలా రీఛార్జి చేసుకునే కంపెనీ డిష్ కూడా ఉందన్నాడు కానీ, దాని జోలికి ఎవరూ పోలేదు. చిన్నది చాలులే అని అక్కడ రామనర్సయ్య కూడా అన్నాడు. ఇంటికి వస్తూ బండి మీద దుర్గేశ్ భార్యతో చిన్నదే తీసుకుందామన్నాడు. ఊర్మిల రెండుసార్లు అడిగి మరీ ఆ మాట తీసుకుంది.

అందుకే ఇప్పుడు ఆ గుంట చూసేసరికి ఆమెకి ఒళ్ళు మండింది. గుంటలో ఉన్న మొగుణ్ణి చూస్తూ, "నాకేం చెప్పినవ్ నువ్వు?" అంది.

"నాయన అట్ల అంటున్నడు, నేనేం జేసేది?" అన్నాడు దుర్గేశ్, మట్టి ఎత్తిపోస్తూ.

ఊర్మిల లోపలికి వెళ్ళిపోయింది. నీళ్ళు తోడలేదు. పొయ్యి మీద అన్నం అడుగంటింది. గిన్నె దించిన చప్పుడు పెరట్లోకి కూడా వినబడింది.

ఆమె ఊరు తోకాపాల్ దగ్గర. మాతృభాష హల్బీ. జగదల్‌పూర్‌లో సిమెంటు దుకాణంలో పని చేసే రోజుల్లో దుర్గేశ్ ఇష్టపడి చేసుకున్నాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకి తెలుగు ముక్క రాదు. వంటింట్లో అత్త సోమక్క చేతులతో చూపిస్తూ నేర్పింది. భవాని పుట్టాక మామ ఒక కట్టడి పెట్టాడు. ఇంట్లో తెలుగే మాట్లాడాలి, పిల్లతో ఇంకో భాష మాట్లాడకూడదు. ఊర్మిల ఒప్పుకుంది. జోలపాట కూడా పెదవుల మధ్యనే పాడుకుంది.

రామనర్సయ్య బాధ రామనర్సయ్యకి ఉంది. తన చిన్నతనంలో భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఒక పంతులు వసారాలో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాడు. ఇప్పుడు బడి అంతా హిందీయే. కొడుక్కి పెళ్ళి పత్రిక చదవడం రాదు. చింతూరులో చుట్టాల పెళ్ళికి తీసుకెళ్తే, పేరేమిటని అడిగినవాళ్ళకి భవాని హిందీలో జవాబు చెప్పింది. అక్కడున్న వాళ్ళు నవ్వారు. వాళ్ళు ముద్దుకే నవ్వినా ఆయనకి అన్నం సయించలేదు. తను పోయాక ఈ ఇంట్లో తెలుగు ఉండదన్న దిగులు అప్పట్నుంచి ఆయన్ని పట్టుకుంది. పెద్ద ఛత్రీ పెట్టి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెలుగు వినిపిస్తే పిల్లకి అదే అంటుకుంటుందని ఆయన ఆశ.

ఊర్మిలకి జరిగింది వేరు. పోయిన నెల ఆమె తల్లి తోకాపాల్ నుంచి బస్సులు మారి వచ్చింది. మనవరాలి కోసం రాగిపిండి, ఎండు చేపలు మూట కట్టుకొచ్చింది. భవానిని ఒళ్ళోకి తీసుకుని ఏదేదో అడిగింది. పిల్ల కాసేపు బిక్కమొహం వేసుకుని కూర్చుంది. తర్వాత ఒళ్ళోంచి జారి తలుపు వెనక్కి వెళ్ళి, "అమ్మా, ఈమె ఏమంటుంది?" అని అడిగింది. ముసలామె నవ్వేసింది. బస్సు దగ్గర మాత్రం, నీ బిడ్డకి నేను దారిన పోయేదాన్ని అయిపోయానే అని కళ్ళు తుడుచుకుంది. ఛత్తీస్‌గఢ్ ఛానెల్లో అప్పుడప్పుడు హల్బీ పాటలు, ముచ్చట్లు వస్తాయని సతీష్ చెప్పినప్పుడు ఊర్మిలకి ప్రాణం లేచి వచ్చింది. తను మాట్లాడితే తప్పవుతోంది, టీవీ మాట్లాడితే ఎవరేమంటారు అనుకుంది.

సతీష్ మధ్యాహ్నం కాకముందే వచ్చాడు. బండి వెనక జాలీ ముక్కలు, ఇనప పైపు తాళ్ళతో కట్టి ఉన్నాయి. సామాను దించుతుంటే ఊర్మిల బయటికి వచ్చి, చిన్న ఛత్రీ దుకాణంలో ఉందా, ఇవాళే తెచ్చి బిగించగలడా అని అతన్ని హిందీలో అడిగింది. ఉందని సతీష్ హిందీలోనే చెప్పాడు. చిన్నదైతే గంట పని అనీ, ఏది పెట్టమంటే అది పెడతాననీ అన్నాడు.

"తెలుగుల మాట్లాడు. నాకు తెల్వకుండ ఏంది మీ ముచ్చట?" అన్నాడు రామనర్సయ్య.

"చిన్నది తెమ్మంటున్న మామా. సంతల అందరం అనుకున్నదే."

"తర్వాత ఆలోచించిన. వానొస్తే దాంట్ల బొమ్మ ఉండదు. ఈ అడవిల వాన ఎన్ని నెలలు పడతదో నీకు ఎరుకే కదా."

"వాన కోసమా మామా మీరు పెద్దది తెచ్చింది?"

రామనర్సయ్య ఆ మాట అవునని గానీ కాదని గానీ చెప్పకుండా, పైపు నిలబెట్టమని సతీష్‌కి సైగ చేశాడు.

ఊర్మిల గట్టు మీద ఉన్న పార అందుకుంది. గుంట పక్కన పోసిన మట్టిని ఎత్తి గుంటలోకి తోయడం మొదలుపెట్టింది. దుర్గేశ్ పార పట్టుకోబోతే విదిలించి కొట్టింది. పైపు పట్టుకున్న సతీష్ వెనక్కి జరిగాడు. చీర కుచ్చిళ్ళ నిండా మట్టి పడుతున్నా ఆమె ఆగలేదు.

"పిచ్చి పట్టిందా నీకు? లోపలికి నడువ్," అన్నాడు దుర్గేశ్.

"పోను. ఏడేండ్ల నుంచి లోపలనే ఉన్న. నా బిడ్డతో నా మాట మాట్లాడద్దంటే మాట్లాడలే. నా తల్లి వస్తే నా బిడ్డ తలుపు వెనక దాక్కున్నది. అప్పుడు కూడ నేను నోరు తెరవలే. ఒక్క డబ్బాల నా మాట వినొస్తదంటే అది కూడ మీకు బరువైందా?"

"బరువే," అన్నాడు రామనర్సయ్య. "పిల్లను మనిషిని చేద్దామని నేను చూస్తున్న. ఆ అడవి మాటలు నా ఇంట్ల వద్దు. నీకు అంత కావాలంటే మీ ఊరికి పోయి విను."

ఊర్మిల చేతిలో పార ఆగిపోయింది. ఆమె దుర్గేశ్ వైపు చూసింది. అతను ఏమైనా అంటాడని చూసింది. దుర్గేశ్ బూట్లకి అంటిన మట్టిని గడ్డపారతో గీకుతున్నాడు.

వసారాలో సోమక్క చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెద్దగా ఎవరూ విని ఉండరు. ఆమె చాట పక్కకి తోసి లేచింది. గింజలు వసారా అంతా దొర్లాయి. నడుము పట్టుకుని మెట్టు దిగి వచ్చి, భర్తకి ఎదురుగా నిలబడి మాట్లాడడం మొదలుపెట్టింది.

ఆమె మాట్లాడింది తెలుగు కాదు, దోర్లి.

సోమక్కది చింతలనార్ వైపు అడవిలో దోర్ల తెగవాళ్ళ ఇల్లు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆమె నోట ఆ భాష కొడుకు కూడా ఎన్నడూ వినలేదు. పెళ్ళయి వచ్చాక ఆమె దాన్ని మరిచిపోయిందనే రామనర్సయ్య అనుకున్నాడు. ఇప్పుడు అది ఒక్క చోట కూడా తడబడకుండా, ఏ మాటకీ వెతుక్కోకుండా వస్తోంది. వేలు చూపించి మాట్లాడుతోంది. ఆ మాటల్లో రామనర్సయ్యకి అర్థమైంది ఒక్కటే, తన పేరు. నలభై ఏళ్ళ పైబడిన కాపురంలో ఆమె ఎన్నడూ పలకని పేరు.

చెప్పాలనుకున్నదంతా చెప్పి ఆమె ఆగింది. తర్వాత కోడలి చేతిలోంచి పార తీసుకుని, మిగిలిన మట్టిని తనే గుంటలోకి లాగింది. ఊర్మిల చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.

సతీష్ సంతల్లో తిరిగే మనిషి. అతనికి దోర్లి వచ్చు. అతను తల దించుకుని జాలీ ముక్కలు మళ్ళీ తాళ్ళతో కట్టుకుంటున్నాడు. ఆమె ఏమన్నదని రామనర్సయ్య అడిగాడు.

"అది నేను చెప్పేది కాదు పెద్దయ్యా. పెద్దమ్మనే అడుగు," అని అతను బండి ఎక్కాడు.

రామనర్సయ్య పొలానికి పోయాడు. గట్టు మీద కూర్చున్నాడే గానీ పని మీద మనసు లేదు. ముందు కోడలి మీద కోపం వచ్చింది. తర్వాత పరాయివాడి ఎదుట తన పరువు తీసిన భార్య మీద వచ్చింది. తన పక్కన ఇన్నేళ్ళు పడుకున్న మనిషి అన్న మాట సతీష్‌కి తెలిసి తనకి తెలియలేదన్న సంగతి గుర్తొచ్చేసరికి ఆ కోపం నిలవలేదు. అన్నానికి కూడా ఇంటికి రాలేదు.

పొద్దు వాలుతుండగా వచ్చి వసారాలో కూర్చున్నాడు. సోమక్క కింద పడ్డ గింజలు ఏరుకుంటోంది. కాసేపు చూసి, పొద్దున ఏమన్నావని అడిగాడు. ఆమె ఏరిన గింజలు చాటలో పోసింది.

"మా అమ్మ సంగతి చెప్పిన," అంది. "దుర్గేశ్ పుట్టినప్పుడు అడవి దారిన నడిచొచ్చింది చూడు, అప్పటి సంగతి. నువ్వు, మీ అమ్మ ఈ వసారలనే కూసున్నరు. మా అమ్మ మా మాటల అడిగింది, పాలు పడుతున్నయా, ఒళ్ళు నొప్పులున్నయా అని. మీరున్నరని నేను తెలుగుల చెప్పిన. ఆమెకు తెలుగు రాదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ తెలుగుల్నే చెప్పిన. ఇంక అడగలే. నా బిడ్డకు నేనంటే సిగ్గు అనుకుంది. మూట దింపి నీళ్ళు కూడ తాగకుండ పోయింది. ఆ వానల్లనే జరమొచ్చి సచ్చిపోయింది."

రామనర్సయ్యకి ఆ రోజు గుర్తుంది. అత్తగారు అంత దూరం వచ్చి ఒక పూటైనా ఉండకుండా పోయిందని తన తల్లి నొచ్చుకున్న మాటే ఆయనకి గుర్తుంది. ఆ అత్తగారు ఎందుకు వెళ్ళిపోయిందో ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా అడగలేదు.

"నాకెందుకు చెప్పలే?"

"ఏ మాటల చెప్పాలె?" అంది సోమక్క. ఆమె గొంతులో పొద్దుటి కోపం ఇంకా తగ్గలేదు. "పోయిన నెల కోడలి తల్లి బస్సెక్కుతుంటే చూసిన. మా అమ్మనే పోతున్నట్టున్నది. కోడలు కూడ నా లెక్క ముసలిదైనంక మట్టి తోసుకుంట అరవాలెనా?"

రామనర్సయ్యకి కళ్ళు నిండి మీసం మీదికి కారుతుంటే తువ్వాలుతో తుడుచుకోవాలని కూడా తోచలేదు. భార్య ముందు ఆయన ఏడవడం అదే మొదలు. సోమక్క ఓదార్చలేదు. గింజలు ఏరడం మాత్రం ఆపింది.

కాసేపటికి ఆయన లేచి వంటింటి గడప దగ్గరికి వెళ్ళాడు. ఊర్మిల గోడకి ఆనుకుని కూర్చుంది. పక్కన బట్టల సంచి సర్ది ఉంది. భవాని నిద్రపోతోంది. మూలన దుర్గేశ్ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉన్నాడు. అతను ఎంత బతిమాలినా ఊర్మిల మొహం తిప్పలేదని చూడగానే తెలుస్తోంది.

"అడవి మాటలన్న. అట్ల అనుడు తప్పే," అన్నాడు రామనర్సయ్య గడప బయటే నిలబడి. "తెలుగు పోతదని నా భయం బిడ్డా. ఆ భయంల నీది గుంజుకున్న. పిల్లతో నీ మాటల నువ్వు మాట్లాడు. అక్షరాలు నేను నేర్పిస్త. అది ఛత్రీ చేసే పని కాదు, నేను చెయ్యాల్సింది."

ఊర్మిల ఏడుస్తూనే, "పొద్దున మీ కొడుకు ఒక్క మాట అనలే మామా," అంది. ఆ మాట దుర్గేశ్‌కి తగిలింది. నన్ను చూసే నేర్చుకున్నాడు అని గొణిగి రామనర్సయ్య పక్కకి తప్పుకున్నాడు. దుర్గేశ్ లేచి, సంచిలోంచి బట్టలు తీసి దండెం మీద వేశాడు. సతీష్‌కి ఫోన్ చేసి చిన్నది తెమ్మని చెప్పాడు. ఊర్మిల వద్దనలేదు. అతనితో మాట్లాడటానికి మాత్రం ఇంకా కొన్నాళ్ళు పట్టింది.

మర్నాడు సతీష్ చిన్న ఛత్రీ గోడకి బిగించి, ఆగ్నేయం వైపు తిప్పి బొమ్మ తెప్పించాడు. పెద్దదే గట్టి సామాను, వానొస్తే దీంట్లో బొమ్మ పోతుంది చూడు అని రామనర్సయ్య కింద నిలబడి సణుగుతూనే ఉన్నాడు. ఛత్తీస్‌గఢ్ ఛానెల్లో హల్బీ పాట రావడానికి చాలా రోజులు పట్టింది. ఈలోగా ఊర్మిల ఆగలేదు. అన్నం పెడుతూ, జడ వేస్తూ భవానితో గట్టిగా హల్బీలోనే మాట్లాడింది. పిల్ల ఒక మాటకి ఇంకో మాట చెప్పి నవ్వించేది. పొద్దున బడికి పోయే ముందు తాత దగ్గర పలక పట్టుకుని కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దేది.

ఒక సాయంత్రం తల్లీకూతుళ్ళు టీవీ ముందు ఉంటే, రామనర్సయ్య వసారాలోకి వచ్చి సోమక్క పక్కన కూర్చున్నాడు. తనతో దోర్లిలో ఏదైనా మాట్లాడమన్నాడు.

ఆమె ఆయన్ని అనుమానంగా చూసింది. "ఇప్పుడా? నీకు అర్థం కాదు కదా."

"అర్థమయ్యేదాంక చెప్పు," అన్నాడు రామనర్సయ్య.